వెయ్యి ఆకులు, పిన్ని రేకులు

మా పిన్నిది ఆత్రేయపురం పక్కన ఓ పల్లె. 32 ఏళ్ళుగా పూతరేకులు తీస్తోంది. మొన్న డిసెంబర్‌లో చుట్టాలింట్లో పెళ్ళికని హైదరాబాద్ వచ్చి, నిజాంపేటలో మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. చార్మినార్ చూపిస్తానంటే వద్దంది. "అవన్నీ ఇదివరకే చూశానమ్మడూ. మీ ఊళ్ళో మిఠాయి శ్రద్ధగా చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే అక్కడికి తీసుకెళ్ళు" అంది.

డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా పెళ్ళిలోనే తినేసింది. అప్పుడు నాకు జూబ్లీహిల్స్‌లో ఉన్న ఫ్రెంచి చాక్లెట్ షాపు గుర్తొచ్చింది. అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ, పాకం తెలిసిన మనిషి ఎవరైనా నా పక్కన కూర్చుని ఇవి తింటే ఏమంటారో వినాలనిపించేది. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వేడికి చక్కెర ఏమవుతుందో, కొవ్వు ఏమవుతుందో బోర్డు మీద రాయగలను. పిన్నికి అది చేతికి తెలుసు. ఆ రెండూ ఒకటి కావు.

శనివారం పిన్ని గుడ్డు ముట్టదు కాబట్టి ఆదివారం బయల్దేరాం. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటో.

షాపు చిన్నదే. ఎనిమిది బల్లలు. ఓ పక్క అద్దాల పెట్టెలో చాక్లెట్లు, కేకులు. వెనక అద్దం గోడ, దాని వెనకే వంటగది. లోపల ఎవరేం చేస్తున్నారో బయటికి కనబడుతుంది. పిన్ని మెనూ చూడలేదు. అద్దం గోడ పక్కన ఉన్న బల్ల చూపించి, అక్కడే కూర్చుందాం అంది.

మొదట హాట్ చాక్లెట్ చెప్పాను. దీని గురించి ఓ మాట. చాలా ఏళ్ళ కిందట ఓ మాల్‌లో హాట్ చాక్లెట్ అని ఆర్డర్ చేస్తే, పెద్ద గ్లాసులో తియ్యటి వేడి పాలు, పైన నురగ, నురగ మీద గోధుమరంగు పొడి ఇచ్చారు. సగం కూడా తాగలేకపోయాను. దాంతో హాట్ చాక్లెట్ అంటే ఇంతే అనుకుని ఆ వైపు మళ్ళీ చూడలేదు. ఈ షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు మా ఆయన బలవంతం మీద తాగాను. ఇన్నేళ్ళూ ఎంత పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

ఇక్కడ దాన్ని తెల్లటి పింగాణీ కూజాలో తెస్తారు. రెండు చిన్న కప్పులు, పక్కనే ఓ గిన్నెలో గిలక్కొట్టిన మీగడ. వడ్డించే అమ్మాయిది సిద్దిపేట. కూజా కాస్త ఎత్తి నెమ్మదిగా పోసింది. గంజి కంటే చిక్కగా, పాకం కంటే పల్చగా జారింది. పిన్ని ముందు తాగలేదు. చెంచాతో కొంచెం తీసి, చెంచా వంచి, చివరి చుక్క ఎలా పడుతుందో చూసింది.

"ఇందులో పిండి కలపలేదు" అంది.

ఎలా తెలిసిందని అడిగాను. పిండి కలిపితే చెంచా వెనక ముద్దగా అతుక్కుని, చల్లారేకొద్దీ పొరకడుతుందట. ఇది చెంచా అంతా ఒకే పల్చటి పొరలా పట్టి మెరుస్తోంది. ఆ అమ్మాయిని అడిగితే అవునంది. పాలు, కొంచెం క్రీమ్, 70 శాతం డార్క్ చాక్లెట్, అంతే. "పొడి వెయ్యరు ఆంటీ, చాక్లెట్‌నే కరిగిస్తరు" అంది.

అప్పుడు తాగింది. ఓ గుక్క తాగి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. మొదట చేదు తగులుతుంది. అది దిగాక నాలుక వెనక్కి పుల్లటి పండు రుచి ఒకటి వస్తుంది. ఆ తర్వాతే తీపి, అదీ కొంచెమే. మీగడలో చక్కెర తక్కువే వేశారు. అది ఓ చెంచా కలుపుకుంటే చేదు మెత్తబడుతుంది. కాఫీ తాగినట్టు గబగబా తాగేది కాదిది. చిన్న కప్పుతో ఇవ్వడంలో అర్థం ఉంది.

"మన బోర్న్‌వీటా ఇలా ఎందుకుండదే?" అని అడిగింది పిన్ని.

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అది. కోకో గింజలో దాదాపు సగం కొవ్వే. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హూటెన్ వాళ్ళు గింజల ముద్దను యంత్రంలో నొక్కి ఆ కొవ్వును చాలావరకు పిండేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. పిండగా మిగిలిన పిప్పిని పొడి చేస్తే అదే కోకో పౌడర్. బోర్న్‌వీటాలో వేసేది ఆ పొడినే. పాలల్లో సులువుగా కలుస్తుంది, చవక. ప్రపంచమంతా దానికే అలవాటు పడింది. కానీ అంతకుముందు రెండు వందల ఏళ్ళుగా ఫ్రాన్స్‌లో తాగింది పొడి కాదు, కొవ్వుతో ఉన్న చాక్లెట్‌ను. స్పెయిన్ రాజకుమారి ఆన్ 1615లో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీని పెళ్ళాడి వెళ్ళినప్పుడు ఈ అలవాటు రాజదర్బారులోకి వచ్చిందని చెబుతారు. అప్పటికి చాక్లెట్ అంటే తాగేదే. మనకు తెలిసిన తినే పలక 1847లో ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ చేసేదాకా లేదు. పారిస్‌లో 1903 నుంచి నడుస్తున్న ఆంజెలీనా అనే టీ దుకాణానికి నేటికీ జనం పోయేది ఇలాంటి చిక్కటి చాక్లెట్ కోసమే.

పిన్ని అంతా విని, "అయితే ఆ పొడి మీగడ తీసేసిన పాలన్నమాట" అంది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత పొట్టిగా నేనెప్పుడూ చెప్పలేదు.

తర్వాత మిల్ ఫాయ్ వచ్చింది. ఆ రోజు పిన్నిని నేను తీసుకెళ్ళింది నిజానికి దీనికోసం. మిల్ ఫాయ్ అంటే ఫ్రెంచిలో వెయ్యి ఆకులు. మూడు బల్లపరుపు పొరలు, వాటి మధ్య రెండు వరసల చాక్లెట్ క్రీమ్. పైపొర మీద చక్కెర కరిగి గాజులా మెరుస్తుంది. పిన్ని ముందు గోటితో తట్టింది. చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ తట్టింది. పూతరేకు తాజాదా కాదా అని వాళ్ళు అలాగే చూస్తారు, తేమ పట్టిన రేకు చప్పుడు చేయదు. ఇది టక్కుమంది. సంతోషంగా తలూపి, ఫోర్కు పక్కన పెట్టి, చేత్తో ఓ అంచు విరిచి వెలుతురుకు పట్టుకుని చూసింది. పొర వెనక పొర, పొర వెనక పొర.

"ఇవి ఎన్ని?"

సిద్దిపేట అమ్మాయి లోపలికి వెళ్ళి వంటాయన్ని పిలుచుకొచ్చింది. పాతికేళ్ళ కుర్రాడు, మలక్‌పేట వాడట. పిండి ముద్ద మధ్యలో వెన్న పలక పెట్టి, పరిచి, మూడు మడతలు వేస్తారు. మళ్ళీ పరిచి మూడు మడతలు. అలా ఆరుసార్లు. మధ్యమధ్యలో ఫ్రిజ్‌లో పెట్టి వెన్న గట్టిపడనిస్తారు, లేదంటే పిండిలో కలిసిపోయి పొరలు పుట్టవు. నేను అక్కడే టిష్యూ కాగితం మీద లెక్కేశాను. మూడును ఆరుసార్లు హెచ్చిస్తే 729. పొయ్యిలో పెట్టగానే పిండిలో, వెన్నలో ఉన్న నీరు ఆవిరై ఆ 729 పొరలనూ పైకి లేపుతుంది.

పిన్ని కాసేపు ఆలోచించింది. "మాకు ఒక్కో రేకూ విడిగా పుడుతుంది బాబూ. మీకు అన్నీ ఒక్కసారే పుట్టి, తర్వాత విడిపోతున్నాయి."

ఆ కుర్రాడికి అర్థం కాలేదు. అప్పుడు పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. జయ బియ్యం నానబెట్టి, పాలలా పల్చగా రుబ్బుకోవాలి. వెడల్పాటి కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టాలి. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, కుండ మీద పరిచినట్టు ఒక్కసారి లాగాలి. గుడ్డ దాటేలోపే రేకు తయారు. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు బోర్లించి, టిష్యూ కాగితం గుడ్డలా పట్టుకుని, చెయ్యి ఎలా తిప్పాలో చూపించింది. పక్క బల్ల వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆ కుర్రాడు, "కుండ ఎంత టెంపరేచర్ ఉండాలి ఆంటీ?" అని అడిగాడు. పిన్ని నా వైపు చూసింది. నేనూ చెప్పలేను. పిండి తగిలినప్పుడు చుయ్యిమనాలి, కానీ చిటపటమనకూడదు అంది. చిటపటమంటే రేకుకు చిల్లులు పడతాయి, చుయ్యి కూడా లేకపోతే కుండకు అతుక్కుపోతుంది. మంట ఎక్కువైతే ఒక ఆకు వెనక్కి లాగడమే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర, వచ్చింది. ఆ కాగితాల్లో బియ్యం, కుండ, పద్ధతి అన్నీ రాసే ఉంటారు. ఆ చుయ్యి మాత్రం అక్కడ కూర్చుని వినాల్సిందే.

మిల్ ఫాయ్ పూర్తిగా తినేసింది. క్రీమ్ మాత్రం ఒక వరస చాలు, రెండోది పొరల్ని మెత్తబెట్టేస్తోంది అంది. నాకు కూడా ఇంతకుముందు అలాగే అనిపించింది కానీ పైకి అనలేదు.

ఎక్లేర్ నాకు నచ్చలేదు. మనకు ఎక్లేర్ అంటే చిన్నప్పటి గోలీలాంటి చాక్లెట్టే గుర్తొస్తుంది. అసలుది వేలెడు పొడుగు బోలు గొట్టం, లోపల చాక్లెట్ క్రీమ్. ఫ్రెంచిలో ఆ మాటకు మెరుపు అని అర్థం. ఆ రోజు ఇచ్చింది ఫ్రిజ్‌లో ఎక్కువసేపు ఉన్నట్టుంది, పైతోలు రబ్బరులా సాగింది. పిన్ని సగం తిని వదిలేసి, ఆ అమ్మాయితో మెల్లగా ఆ మాటే చెప్పింది. ఆ అమ్మాయి రాసుకుంది.

ఉప్పు వేసిన కారమెల్ చాక్లెట్ దగ్గర మాత్రం పిన్ని ఆగిపోయింది. చిన్న నలుచదరం ముక్క, కొరికితే లోపల గోధుమరంగు పాకం. ఫ్రాన్స్‌లో బ్రిటనీ అనే ప్రాంతంలో వెన్నలో ఉప్పు వేసుకోవడం అలవాటు, ఆ వెన్నతో చేసే కారమెల్ ఇది. మన పాకాలన్నీ నీళ్ళతో మొదలవుతాయి. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. రంగు తిరిగిందంటే మాడిందని దించేస్తాం. వీళ్ళు చక్కెర ఎర్రగా తిరిగేదాకా, 160 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, సరిగ్గా అప్పుడు వెన్నా మీగడా పోసి ఆపుతారు. "మేం పారబోసే దగ్గర వీళ్ళు మొదలుపెడుతున్నారే!" అంది పిన్ని. ఇంకోటి అడిగి తిన్నది అదొక్కటే. బూరెల పూర్ణంలో తను చిటికెడు ఉప్పు వేస్తుందని, ఎందుకో ఎవరికీ చెప్పలేదని కూడా అప్పుడే చెప్పింది.

మేం తింటుండగానే లోపల ఆ కుర్రాడు నాపరాయి లాంటి నల్లటి రాతిబల్ల మీద కరిగిన చాక్లెట్ పోసి, వెడల్పాటి ఇనుప గరిటెలతో పరుస్తూ, దగ్గరికి తీస్తూ, మళ్ళీ పరుస్తున్నాడు. పిన్ని తినడం ఆపేసి అటే చూసింది. ఇది నేను ఏటా క్లాసులో చెప్పే సంగతి. చాక్లెట్‌లోని కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఐదో రకమే మనకు కావాలి. అదైతేనే మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి చేతిలో నిలిచి నోట్లో కరుగుతుంది. అందుకని డార్క్ చాక్లెట్‌ను 45 దాటించి పూర్తిగా కరిగిస్తారు, రాయి మీద 28 దాకా చల్లారుస్తారు, మళ్ళీ 31, 32కు తెస్తారు. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా తెల్లమచ్చలు వస్తాయి. ఇంట్లో ఎండాకాలం మెత్తబడి మళ్ళీ గట్టిపడిన చాక్లెట్ మీద కనిపించే తెలుపు కూడా ఇదే. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. పారేయక్కర్లేదు.

ఆ కుర్రాడి దగ్గర థర్మామీటర్ ఉంది. అయినా చివర్లో కొంచెం చాక్లెట్ తీసి కింది పెదవికి తాకించుకున్నాడు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఊపింది. "చూశావా! మేం పళ్ళెంలో నీళ్ళు పోసుకుని పాకం చుక్క వేస్తాం, తను పెదవికి పెట్టుకున్నాడు." ఇంటికొచ్చేదాకా అదే మాట.

బిల్లు 1,940 రూపాయలు అయింది. పిన్ని ఎక్కువని అనలేదు. అంత పనికి అంత అవుతుంది, మా రేకులకే ఎవరూ ఇవ్వరు అంది. కట్టింది నేనైనా, ఆ మాట వింటుంటే గుండె బరువెక్కింది. వెయ్యి రూపాయల చాక్లెట్ పెట్టె ముందు బేరం ఆడేవాళ్ళు లేని ఇదే నగరంలో, పూతరేకు పది రూపాయలు పెరిగితే ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఉన్నారు.

వచ్చేముందు అద్దాల పెట్టె మీద అలంకారానికి పెట్టిన ఎండు కోకో కాయ చూసి పిన్ని గుర్తుపట్టింది. కోనసీమలో కొబ్బరి చెట్ల నీడన కోకో వేస్తారు. వాళ్ళ పక్క తోటలో కూడా ఉంది. పచ్చటి కాయ కొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, తియ్యగా పుల్లగా ఉంటుంది, పిల్లలు చప్పరిస్తారు. గింజ కొరికితే మాత్రం వట్టి చేదు. "ఆ గింజా, ఈ తాగిందీ ఒకటేనా?" అంది. కాయలోంచి తీసిన గింజల్ని గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెట్టాలి, తర్వాత ఎండబెట్టాలి, తర్వాత వేయించాలి. పులియకపోతే ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. పిన్నికి పక్క తోటలో గోనెలు కప్పి ఉంచే కుప్పలు, ఆ పుల్లటి వాసన తెలుసు. అవి ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది. ఆంధ్రలో గోదావరి జిల్లాల్లో ఇంత కోకో పండుతున్నా, దాని పక్కనే బతికేవాళ్ళకు దాని రుచి తెలియకుండా పోవడం నాకు బాధగానే ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే 'మనం చాక్లెట్' అనే కంపెనీ లాంటి వాళ్ళు పశ్చిమ గోదావరి గింజలతో చేస్తున్నారు. మళ్ళీసారి పిన్నిని అక్కడికి తీసుకెళ్ళాలి.

70 శాతం చాక్లెట్ పలక ఒకటి కొనుక్కొచ్చాం. మర్నాడు పొద్దున పిన్ని వంటగదిలో అడుగుపెట్టి, అర లీటరు పాలు కాచి, 100 గ్రాముల చాక్లెట్ తురిమి, స్టవ్ సిమ్‌లో పెట్టి గరిటెతో కలిపింది. అక్కడ తాగినంత నున్నగా రాలేదు. చుట్టూ చూసి, గోడకు వేలాడుతున్న మజ్జిగ కవ్వం తీసింది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఐదు నిమిషాలు చిలికింది. అంతే, నురగతో, మెరుపుతో, కూజాలో చూసినట్టే తయారైంది. పాత రోజుల్లో ఫ్రెంచివాళ్ళు కూడా చాక్లెట్ కూజా మూతకు చిల్లు పెట్టి, అందులోంచి చెక్క కవ్వం దించి, అరచేతుల మధ్య ఇలాగే తిప్పేవాళ్ళు. దాని పేరు మూస్వార్. ఆ బొమ్మ ఫోన్‌లో చూపిస్తే పిన్ని దాన్ని పెద్దది చేసి చేసి చూసింది.

మా అబ్బాయికి చేదు ఎక్కువైంది. పిన్ని పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు బెల్లం తురుము వేసింది. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి. బెల్లం వేసిన ఈ చాక్లెట్, షాపులో తాగినదానికంటే నాకు బాగా నచ్చింది. చక్కెర ఒట్టి తీపి ఇస్తుంది, బెల్లం చేదు పక్కన తనూ ఓ రుచితో నిలబడుతుంది.

మంగళవారం రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. మిగిలిన చాక్లెట్ ముక్కను స్టీలు డబ్బాలో పెట్టుకుని, చీరల మధ్య దాచుకుంది.

పది రోజులకు కొరియర్‌లో పెట్టె వచ్చింది. ఇన్నాళ్ళూ ఆర్డర్లకు చాక్లెట్ పూతరేకులంటే బోర్న్‌వీటా పొడి చల్లి పంపేది. ఇవి వేరు. ఒక వరసలో నెయ్యి, చక్కెర పొడి, చాక్లెట్ తురుము. ఇంకో వరసలో నెయ్యి, బెల్లం, చాక్లెట్ తురుము, రెండు పలుకుల ఉప్పు. మొదటి వరస దారిలోనే మెత్తబడింది, నెయ్యీ కోకో కొవ్వూ కలిసి రేకంతా జిడ్డు పట్టింది. రెండో వరస కూడా కొంచెం చెమ్మగిల్లింది కానీ, నోట్లో పెట్టుకోగానే రేకు కరిగిపోయి బెల్లం తగిలి, ఆఖర్న ఆ చేదు వచ్చింది. మా ఆయన, అబ్బాయి, నేను నిలబడే మూడేసి తినేశాం.

ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ని అవతల కుండ ముందే ఉంది, గుడ్డ లాగిన చుయ్యి వినిపిస్తోంది.

"చాక్లెట్‌లో కొవ్వు ఉంది కదే, నేను మళ్ళీ నెయ్యి ఎందుకు పోశాను? ఈసారి నెయ్యి సగం చేస్తాను. ఆ కుర్రాణ్ణి ఓ మాట అడిగి పెట్టు, తురమకుండా పల్చగా రేకులా పరవడం కుదురుతుందేమో."